పేరు మెక్సికోది, రుచి ఎవరిది?

మనిషి దేశం మార్చినంత సులువుగా నాలుకను మార్చుకోలేడు. వేషం ఒక్క రోజులో మారుతుంది. భాష ఏడాదికో రెండేళ్లకో కొంత పట్టుబడుతుంది. పసితనంలో తల్లి చేతి ముద్దతో ఏర్పడిన రుచి మాత్రం కడదాకా వెంట వస్తుంది. పరాయి దేశంలో ఉన్నవాడు ఒక దుకాణం బోర్డు మీద స్వదేశపు వంటకం పేరు చూచి, ఆశతో లోపలికి పోయి, మొదటి ముద్దతోనే మోసపోయినట్లు గ్రహించినప్పుడు కలిగే నిరాశ చూచేవారికి చిన్నదిగా తోచవచ్చును. అది చిన్నది కాదని మా అభిప్రాయం. ఆ అభిప్రాయం మాకు కలిగినది మన వంట వలన కాదు. ఒక మెక్సికో దేశస్థుని వెదుకులాట వలన.

మా శ్రీమతి పరిశోధన నిమిత్తం, కళాశాలకు సెలవు పెట్టి, మేము దక్షిణ కొరియాలోని డేజన్ నగరంలో రెండేళ్లు కాపురం ఉన్నాము. మా పైఅంతస్తులో మెక్సికోలోని ప్యూబ్లా ప్రాంతం నుండి వచ్చిన పరిశోధకుడొకాయన భార్యతోను, ఆరేళ్ల కుమారునితోను ఉండేవారు. మా ఇబ్బంది హలాల్ మాంసం. ఆయన ఇబ్బంది రొట్టె. రెండింటికీ సియోల్ పోవలసి వచ్చేది. రైలులో గంట ప్రయాణం. నెలకొకసారి కలిసి బయలుదేరేవారము. సియోల్‌లోని ఇతెవాన్ ప్రాంతంలో 1976లో ప్రారంభమైన పెద్ద మసీదు ఉన్నది. దాని చుట్టుపక్కల వీధులలో హలాల్ మాంసం, మసాలాలు, బాసుమతి బియ్యం అమ్మే దుకాణాలు ఉన్నవి. మా పని అరగంటలో పూర్తి అయ్యేది. ఆయన పని మాత్రం ఎన్నో నెలల దాకా పూర్తి కాలేదు.

ఆ పేటలో మెక్సికో పేరు పెట్టుకున్న భోజనశాలలకు కొరత లేదు. గోడల మీద పెద్ద అంచు టోపీలు, రంగురంగుల కాగితపు తోరణాలు, గిటారు సంగీతం అన్నీ ఉండేవి. పళ్లెంలోకి వచ్చేది మాత్రం గోధుమపిండితో చేసిన మెత్తని రొట్టె, దానిపై పసుపుపచ్చని చీజు, తీయని పులుసు. కొన్నిచోట్ల నూనెలో వేయించి విరిగే అప్పడం వలె చేసిన టాకో. మిత్రుడు మర్యాదగా తినేవారు. బయటికి వచ్చిన తరువాత, "ఇది బాగుంది, కాని ఇది మాది కాదు" అనేవారు.

అది ఎవరిదో తెలుసుకొనుటకు కొంత చరిత్ర చూడవలెను. ఇతెవాన్ పక్కనే యోంగ్‌సాన్‌లో దశాబ్దాల పాటు అమెరికా సైనిక స్థావరం ఉండేది. దాని ప్రధాన కార్యాలయం 2018లో ప్యోంగ్‌టెక్‌కు తరలిపోయింది. ఆ సైనికుల కోసం వెలసిన భోజనశాలలలోనే మెక్సికో పేరు గల వంట కొరియాలో తొలుత కాలుమోపినదని చెప్పవచ్చును. అయితే అది మెక్సికో నుండి నేరుగా వచ్చినది కాదు. టెక్సాస్ రాష్ట్రంలో, అక్కడి ధారాళమైన గోధుమ, మాంసం, చీజులతో రూపుదిద్దుకున్న వంట అది. దానికి అమెరికాలోనే టెక్స్-మెక్స్ అని వేరే పేరు ఉన్నది. గోధుమ రొట్టె మెక్సికో ఉత్తర ప్రాంతాలలోనూ ఉన్నది గాని, ప్యూబ్లా మొదలు దక్షిణానికి పోయే కొద్దీ రొట్టె అంటే మొక్కజొన్న రొట్టెయే. దానినే తోర్తియా అంటారు.

తోర్తియా చేయుట మనకు తెలియని విద్య కాదు. సగం తెలిసిన విద్య. ఎండిన మొక్కజొన్న గింజలను సున్నం కలిపిన నీటిలో ఉడికించి, రాత్రంతా నాననిచ్చి, మరునాడు పైపొట్టు పోయేటట్లు కడిగి, తడిగా ఉండగానే రాతిమీద రుబ్బుతారు. సున్నపు నీటిలో ఉడికిన ఆ గింజలకు నిక్స్తమాల్ అనియు, రుబ్బిన ముద్దకు మాసా అనియు పేర్లు. రుబ్బే రాయి మన సన్నికల్లుకు దూరపు చుట్టం. కాల్చేది పెనం మీద. సున్నం ఎందుకని మేము అడిగినప్పుడు, అది లేనిదే పిండి ముద్దకట్టదని ఆయన చెప్పారు. మరొక సంగతి కూడ ఉన్నది. మొక్కజొన్నలోని నియాసిన్ అనే విటమిను సున్నపు నీటిలో ఉడికిననే గాని శరీరానికి పట్టదు. యూరపువారు అమెరికా ఖండం నుండి మొక్కజొన్నను తెచ్చుకున్నారు గాని ఈ సున్నపు పద్ధతిని తెచ్చుకోలేదు. ఫలితంగా మొక్కజొన్న మీదనే ఆధారపడిన ఇటలీ, స్పెయిన్ దేశాల పేదలు పెలాగ్రా అనే వ్యాధికి గురి అయినారు. గింజ ప్రయాణం చేసింది. పని ప్రయాణం చేయలేదు. మేము చెప్పదలచిన విషయమంతా ఈ ఒక్క వాక్యంలో ఇమిడి ఉన్నది.

ఇక్కడ పాఠకులకు ఒక సందేహం రావచ్చును. అసలైన వంట అంటే అన్యదేశపు సంపర్కం లేని వంట అని మా భావమా? కానే కాదు. అట్టి వంట లోకంలో ఎక్కడా లేదు. కొరియావారి కిమ్చీని ఎర్రగా చేసే మిరపకాయ పుట్టిల్లు మెక్సికో. 16వ శతాబ్దం చివరి ప్రాంతంలో అది కొరియా చేరినదని ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయం. అదే శతాబ్దంలో పోర్చుగీసువారి ఓడలలో మన దేశానికీ వచ్చింది. నేడు మిరప లేని గుంటూరును ఊహించగలమా? అటు మెక్సికోవారు టాకో మీద చల్లే కొత్తిమీర, పిండే నిమ్మ, అందులోని గొడ్డుమాంసం, చీజు సర్వం 1521 తరువాత స్పెయిన్ పాలనలో అక్కడ స్థిరపడినవే. కొరియావారు ఇంటింటా కలిసి కిమ్చీ పెట్టుకొనే ఆచారాన్ని యునెస్కో 2013లోనూ, మెక్సికో సంప్రదాయ వంటను 2010లోనూ మానవాళి వారసత్వంగా గుర్తించినది. ఆ రెండు వంటలలోనూ పరదేశపు సరుకు ఉన్నది.

ఇంకొక ఉదాహరణ మాకు మరింత ఆశ్చర్యం కలిగించింది. నిలువు చువ్వకు మాంసం గుచ్చి, తిప్పుతూ కాల్చి, పలుచగా కోసి పెట్టే టాకో ఒకటి తమ ఊరికి గర్వకారణమని మిత్రుడు వర్ణించారు. వింటూ ఉండగానే మాకు హైదరాబాదు వీధులలోని షవర్మా గుర్తుకు వచ్చింది. మా ఊహ సరియైనదే. 1930ల ప్రాంతంలో మధ్యప్రాచ్యం నుండి ప్యూబ్లాకు వలస వచ్చినవారు ఆ పద్ధతిని తెచ్చినారు. కాలక్రమాన గొర్రెమాంసం స్థానంలో పందిమాంసం చేరినందున అది మాకు నిషిద్ధమైనది గాని, దాని వంశవృక్షంలో మాకు పరిచయమైన కొమ్మ ఒకటి ఉన్నది. ఈనాడు దానిని మెక్సికో వంట కాదనగలవారు ఎవరు?

కనుక అసలుతనం పుట్టుకలో లేదు, పనిలో ఉన్నది. సరుకు ఎక్కడిదైనా కావచ్చును. ఆ వంటకాన్ని వంటకంగా నిలబెట్టే పని ఏది ఉన్నదో, దానిని తగ్గించకుండా చేసినప్పుడే ఆ పేరు పెట్టుకొనే హక్కు కలుగుతుంది. తోర్తియాకు సున్నపు నీటిలో ఉడుకు, రాతి మీద రుబ్బు ప్రాణం. కిమ్చీకి ఉప్పులో ఊరుట, పులియుట ప్రాణం. బిరియానీకి దమ్ము ప్రాణం. ప్రాణం తీసివేసి పేరు మాత్రం ఉంచుట వినియోగదారునికి అన్యాయం. ఆ వంటను పుట్టించిన జనానికి అంతకన్న పెద్ద అన్యాయం.

దుకాణదారుల పక్షాన కూడ చెప్పవలసినది ఉన్నది. కొరియావారిలో చాలామందికి కొత్తిమీర వాసన గిట్టదు. ఎండిన మెక్సికో మిరపకాయలు దూరం నుండి రావలసిన సరుకు. అద్దెలు ఎక్కువ. వచ్చే పదిమందిలో తొమ్మిదిమంది తీపినే మెచ్చుకుంటే, పదవవానికోసం రాత్రంతా మొక్కజొన్న నానబెట్టే వర్తకుడెవడు? ఈ వాదనలో న్యాయం లేకపోలేదు. అయితే తీపి చేయవద్దని మేము అనుట లేదు. చేసినదానికి తగిన పేరు పెట్టుమని అంటున్నాము. 2008లో లాస్ ఏంజెలెస్ నగరంలో రాయ్ చోయ్ అనే కొరియా సంతతి వంటవాడు, తన సహచరులతో కలిసి, బండి మీద టాకోలు అమ్మసాగాడు. మొక్కజొన్న రొట్టెలో కొరియా పద్ధతిన కాల్చిన మాంసం పెట్టి, దానికి కొరియా టాకో అని పేరు. అటువంటి వంట తరువాత సియోల్‌కూ చేరింది. మా మిత్రుడు దానిని ఇష్టపడి తినేవారు. అది తాను ఏమిటో దాచుకోలేదు గనుక ఆయనకు దానితో తగాదా లేదు. ఇటీవలి కాలంలో సియోల్‌లోనే మొక్కజొన్నను సున్నపు నీటిలో ఉడికించి అక్కడికక్కడే రొట్టెలు చేసే దుకాణాలు కూడ కొన్ని వెలసినవి. కాబట్టి అసాధ్యమన్నది సాకు మాత్రమే.

ఇక మా మిత్రుని ఇంటి సంగతి. కుమారుడు కొరియా బడిలో చదివేవాడు. మధ్యాహ్నం అక్కడే అన్నం, కిమ్చీ, పులుసు. ఒకనాడు పొట్లంలో దొరికే గోధుమ రొట్టెను తింటూ, నాయనమ్మ పంపిన వీడియోలోని మొక్కజొన్న రొట్టెను చూచి, "అదేమిటి, మన రొట్టె వలె లేదే" అన్నాడట. ఆ మాట మాకు చెప్పేటప్పుడు తండ్రి నవ్వారు గాని, ఆ నవ్వు ఆయన ముఖంలో నిలువలేదు.

ఆ వారంలోనే ప్రయత్నం మొదలైనది. గాంగ్వాన్ ప్రాంతపు జిగురు మొక్కజొన్న తెచ్చినారు. ఆవిరి మీద ఉడికించి తినుటకు అది అమృతం. రుబ్బితే బంక అయినది. బజారులో దొరికిన ఎండు గింజలు కషాయం కాచుకొనుటకు ముందే వేయించినవి. చివరకు ఇతెవాన్‌లోని విదేశీ సరుకుల దుకాణంలో తగిన గింజలు దొరికినవి. వంటకు వాడే సున్నం ఆయన పెట్టెలో స్వదేశం నుండి తెచ్చుకున్నదే ఉన్నది. లేనిది రాయి. అప్పుడు మా శ్రీమతి, ఇడ్లీ పిండి కోసం మేము మోసుకుపోయిన రాతి గ్రైండరును పైఅంతస్తుకు పంపినది. మినపపిండి రుబ్బిన రాళ్లు మెక్సికో మాసాను రుబ్బినవి. చిక్కుడు గింజల కూరను పందికొవ్వుతో గాక నూనెతో వండి మమ్ములను భోజనానికి పిలిచినారు. ఇందువలన అసలుతనం తగ్గినదా అని మేము అడిగితే, "మా ఊళ్లోనూ అతిథిని చూచే వండుతారు" అన్నారు. పెనం మీద రొట్టె పుల్కా వలె పొంగినది. పిల్లవాడు ఉప్పు అద్దుకొని తిన్నాడు. ఏమీ అనలేదు, ఇంకొకటి కావాలని చెయ్యి చాపాడు.

ఈ కథకు వెనుక మరొక కథ ఉన్నది. 1905లో వెయ్యిమందికి పైగా కొరియావారు ఇల్‌ఫర్డ్ అనే ఓడలో బయలుదేరి మెక్సికోలోని యుకటాన్ ప్రాంతానికి చేరినారు. నార తీసే, కలబందను పోలిన మొక్కల తోటలలో నాలుగేళ్ల ఒప్పందం మీద కూలికి పోయినవారు వారు. ఒప్పందం ముగిసిన మరుసటి ఏడు, 1910లో, జపాను కొరియాను ఆక్రమించుకున్నది. తిరిగి పోవుటకు స్వతంత్రమైన స్వదేశం లేకపోయినది. వారి సంతతి నేడు అక్కడ స్పానిషు భాష మాట్లాడుతున్నది. కొరియాలో మెక్సికో రుచి కోసం వెదికేవాని బాధ కొత్తది కాదు. దానికి ప్రతిబింబం నూరేళ్ల క్రితమే మెక్సికోలో పడి ఉన్నది.

ఆ ప్రతిబింబం మన రాయలసీమలోనూ పడినది. 2019లో పెనుకొండ వద్ద కియా కార్ల కర్మాగారం ఉత్పత్తి ప్రారంభించిన తరువాత కొరియా కుటుంబాలు అనంతపురం ప్రాంతానికి వచ్చినవి. వారి కోసం కొరియా భోజనశాలలూ వెలసినవి. వారిలోనూ ఒక తండ్రి ఈ రుచి మాది కాదని నొచ్చుకొంటూ ఉండవచ్చును. కొరియావారి దుకాణాలను విమర్శించిన మనము, మన ఊరి బోర్డులను కూడ అదే కొలతతో కొలువవలెను.

విద్యార్థినీ విద్యార్థులారా! మీలో కొందరు రేపు సియోల్ పోవచ్చును, దుబాయి పోవచ్చును, అమెరికా పోవచ్చును. అక్కడ మన వంటల పేర్లు గల బోర్డులు మిమ్ములను పిలుస్తవి. పేరును నమ్మి పోయేవారు నిరాశ పడుదురు. పని తెలిసి పోయినవారు ఎక్కడనైనా బ్రతుకుదురు. అమ్మమ్మలు, నాయనమ్మలు ఉండగానే వారి వంట పనిని వరుస తప్పకుండా, ఎంతసేపు నానవలెనో, ఎప్పుడు మంట తగ్గించవలెనో సహా వ్రాసి పెట్టుకొనుడు. అట్టి వ్రాతలకు వచ్చే ఏటి సంచికలో, ఉర్దూ భాగంలోనూ తెలుగు భాగంలోనూ, నాలుగేసి పుటలు కేటాయించవలసినదిగా కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి.