కంప్యూటరు కబుర్లు: ప్రోగ్రాము ఒకటే, కొలతలు రెండు

పాత యంత్రంలో హాయిగా ఇమిడిన ప్రోగ్రాము కొత్త యంత్రంలో అంతకంటె ఎక్కువ మెమరీని ఎందుకు కోరుతున్నదన్న ప్రశ్న కార్యాలయాలలో తరచు వినవస్తున్నది. ఇందుకు ప్రోగ్రాము వ్రాసినవారినే నిందించ పనిలేదు. కారణం కొంతవరకు ప్రాసెసరు నిర్మాణంలోనే ఉన్నది.

మెమరీలోని ప్రతి గదికీ ఒక చిరునామా సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యకు ఎన్ని బిట్లు కేటాయిస్తే అంత విస్తారమైన మెమరీని అందుకోగలం. హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. సంస్థ 1969లో వెలువరించిన టి.డి.సి.-12 కంప్యూటరు 12 బిట్లది, తరువాతి టి.డి.సి.-316 16 బిట్లది. 12 బిట్లతో 4,096, 16 బిట్లతో 65,536 సంఖ్యలను మాత్రమే సూచించగలం. 32 బిట్లతో ఆ లెక్క 429 కోట్లు దాటుతుంది. అదే 4 గిగాబైట్ల హద్దు. 64 బిట్ల ప్రాసెసర్లు ఆ హద్దును తొలగించినవి. అందుకు మూల్యంగా ఒక్కొక్క చిరునామా 4 బైట్ల నుండి 8 బైట్లకు పెరిగినది.

శబరీ నది ఒడ్డున, ఛత్తీస్‌గఢ్ దక్షిణపు కొసన ఉన్న కొంటాలో ఒక కార్యాలయాన్ని ఊహించుకుందాము. అక్కడి పట్టికలో లక్ష పద్దులున్నవనుకొందాము. ప్రతి పద్దులో వరుసగా రకానికి 1 బైటు, పేరున్న చోటును తెలిపే చిరునామా, స్థితికి 1 బైటు ఉన్నవి. చిరునామా తన పొడవుతో నిశ్శేషంగా భాగింపబడే స్థానంలోనే మొదలు కావాలి గనుక మధ్యలో ఖాళీలు మిగులుతాయి. ఫలితంగా 32 బిట్ల యంత్రంలో పద్దుకు 12 బైట్లు, 64 బిట్ల యంత్రంలో 24 బైట్లు పడతాయి. పట్టిక 12 లక్షల బైట్ల నుండి 24 లక్షలకు పెరుగుతుంది. పేర్లు మాత్రం పెరగవు: యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ‘కొంటా’ అన్న మాటకు రెండింటిలోనూ 15 బైట్లే.

ఒక్క పట్టికకు ఇది స్వల్పమే. అటువంటివి వందలుగా చేరితే మెమరీ చాలక యంత్రం డిస్కును ఆశ్రయిస్తుంది. కిటికీ ముందు వరుస కదలదు. విడిభాగానికై దూరపు పట్టణానికి కబురు పంపవలసిన చోట ఈ జాప్యం చిన్నది కాదు.

ఉపాయాలు లేకపోలేదు. చిరునామాను ముందుంచి, చిన్న అంశాలను దాని వెనుక చేర్చినచో 64 బిట్ల యంత్రంలోనూ పద్దు 16 బైట్లకు తగ్గుతుంది. చిరునామాకు బదులు 4 బైట్ల వరుస సంఖ్యను వాడితే అది 8 బైట్లే అవుతుంది. కనుక 64 బిట్లకు మారబోయే కార్యాలయాలు ముందుగా మెమరీని, పట్టికల అమరికను సరిచూచుకొనుట మేలు. యంత్రం పెద్దదైనంత మాత్రాన పొదుపు అనవసరమని భావించరాదు.