సంతకం కింద పేరు

పట్టిసీమ రేవులో వీరభద్రస్వామి గుడికి వెళ్లే పడవ ఎక్కినప్పుడల్లా నా చూపు ముందు సరంగు మీదికే పోతుంది. శివరాత్రి నాడు జనం తోసుకొస్తుంటే చెయ్యి అడ్డం పెట్టి, ‘ఇక చాలమ్మా, వెనక పడవలో రండి’ అంటాడు. విసుక్కునేవాళ్లు విసుక్కుంటారు. ఆయన మాత్రం చెయ్యి తియ్యడు. నది మధ్యలో ఏదైనా జరిగితే ఎవరిని అడగాలో గట్టు మీద అందరికీ తెలుసు. ఆయనకీ తెలుసు.

మన డబ్బు దాచుకునే చోట ఆ సరంగు ఎవరు?

మా వీధిలో ఒక రిటైర్డు మాస్టారున్నారు. మూతపడిన ఒక సొసైటీ బాండును పెన్షన్ కాగితాలతో కలిపి ప్లాస్టిక్ కవర్లో దాచుకున్నారు. మొన్న తీసి చూపించారు. అడుగున రెండు సంతకాలు. రెండూ గీతలే. కింద పేర్లు లేవు. ‘ఎవరిని అడగమంటావు బాబూ?’ అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

2022లో కాకినాడలో జయలక్ష్మి సొసైటీ కుప్పకూలినప్పుడు వేలమంది డిపాజిటర్లు రోడ్డున పడ్డారు. చిక్కుకున్నది వందల కోట్ల రూపాయలు. బ్యాంకు కంటే నాలుగు రాళ్లు ఎక్కువ వడ్డీ వస్తుందని రిటైర్మెంటు సొమ్ము తెచ్చి పెట్టినవాళ్లు అందులో ఎందరో. ఇలాంటి సొసైటీలు ఏర్పడే 1995 నాటి మ్యాక్స్ (పరస్పర సహాయక సహకార సంఘాల) చట్టం ఉద్దేశం మంచిదే. సర్కారు పెత్తనం లేకుండా సభ్యులే సొసైటీని నడుపుకోవాలన్నది దాని సారం. అయితే ఇలాంటి సొసైటీ మీద రిజర్వు బ్యాంకు కాపలా ఉండదు. బ్యాంకు డిపాజిట్లకున్న 5 లక్షల బీమా ఇక్కడ వర్తించదు. సభ్యుడి పెత్తనం ఫారం మీద సంతకంతో సరి.

కూలిన తర్వాత కేసులు, అరెస్టులు ఉంటాయి. అవి మోసాన్ని పట్టుకుంటాయి. అప్పు మంజూరు చేసిందెవరు, తాకట్టు ఆస్తి విలువ చూడాల్సిందెవరు అని అడిగితే మాత్రం తలా ఒకవైపు వేలు చూపిస్తారు. బ్రిటన్‌కు 2008 సంక్షోభంలో ఈ అనుభవమే ఎదురైంది. అందుకే 2016 మార్చి నుంచి బ్యాంకుల్లో ప్రతి పెద్ద అధికారి బాధ్యత ఏమిటో ముందే కాగితం మీద రాసి నియంత్రణ సంస్థకు ఇవ్వాలన్నారు. తన పరిధిలో తప్పు జరిగినప్పుడు, దాన్ని ఆపడానికి చేయవలసింది చేయకపోతే ఆ అధికారే జవాబుదారీ. ఆకాశరామన్న ఉత్తరంతో తప్పు ఎత్తిచూపిన మనిషి ఎవరో ఆరా తీయబోయినందుకు ఈ నియమాల కిందే 2018లో బార్‌క్లేస్ బ్యాంకు అప్పటి సీఈవో జెస్ స్టేలీ 6 లక్షల పౌండ్లకు పైగా జరిమానా కట్టారు.

మన రిజర్వు బ్యాంకు కూడా ప్రైవేటు బ్యాంకుల పెద్దలకిచ్చిన ప్రోత్సాహక వేతనాన్ని వెనక్కి రాబట్టే ఏర్పాటు ఉండాలని 2019లో చెప్పింది. ఆ నియమం కాకినాడ సందుల్లోని సొసైటీల దాకా రాదు. కాబట్టి రాష్ట్ర ప్రభుత్వమే పూనుకోవాలి. డిపాజిట్లు తీసుకునే ప్రతి సొసైటీలోనూ కౌంటరు పక్క గోడ మీద ఒక పట్టిక ఉండాలి. అప్పు మంజూరు ఎవరిది, తాకట్టు తనిఖీ ఎవరిది, లెక్కలు సభ్యులకు చెప్పేదెవరు? ఒక్కో పనికి ఒక్కో పేరు. నకలు సహకార రిజిస్ట్రారు దగ్గర ఉండాలి. బాండు మీద ప్రతి సంతకం కిందా పేరు అచ్చు వేయాలి.

ఇలా బిగిస్తే మంచివాళ్లు ముందుకు రారని కొందరంటారు. నేను ఒప్పుకోను. పెద్దాయన బంధువుకి అప్పిమ్మని ఒత్తిడి వచ్చినప్పుడు, ‘అక్కడ నా పేరుందండీ, కుదరదు’ అనడానికి నిజాయతీ గల మేనేజరుకు ఆ కాగితమే అండ. రేవులో అడ్డం పెట్టిన చెయ్యి అలాంటిదే. దానికి విసుక్కున్నవాళ్లంతా ఆ పూట క్షేమంగానే గట్టు చేరారు.