విదేశీ కోడలి కాగితాలు మన చేతిలోని అమానత్

జుమా నమాజు ముగిసి జనం చెప్పులు వెతుక్కునే వేళకు ఎవరో ఒకరు ప్లాస్టిక్ సంచి పట్టుకుని మా దగ్గరికి వస్తారు. "మాస్టర్ సాబ్, ఇది కాస్త ఇంగ్లీషులోకి మార్చి పెట్టండి" అంటారు. సంచిలో ఉండేది ఉర్దూ నిఖానామా. మదర్సాలో చదువుకుని, బడిలో పిల్లలకు ఉర్దూ చెప్పుకునే మాకు ఈ పని ఎవరూ అప్పగించింది కాదు. పాతికేళ్లుగా మీద పడుతూ వచ్చింది, చేస్తూ వచ్చాం.

ఈ నిఖానామాల్లో ఎక్కువ భాగం గల్ఫ్‌లో ఉన్న భర్త భార్యను పిలిపించుకోవడానికి కావలసినవి. వాటి గురించి ఇప్పుడు చెప్పబోవడం లేదు. అప్పుడప్పుడు మరో రకం సంచి వస్తుంది. అందులో ఆకుపచ్చ పాస్‌పోర్టు ఉంటుంది. 1947, 1948 తర్వాత హైదరాబాదు నుంచి ఎన్నో కుటుంబాలు కరాచీ వెళ్లి స్థిరపడ్డాయి. అక్కడ హైదరాబాద్ కాలనీ అని ఒక పేటే ఉంది, మన ఊరగాయలు ఇప్పటికీ అక్కడ అమ్ముతారు. తోబుట్టువులు సరిహద్దుకు చెరోపక్క మిగిలిపోయారు. వారి పిల్లల మధ్య సంబంధాలు కలుపుకున్నారు. అలా వచ్చిన కోడళ్ల కాగితాలవి.

ఒక ఇంటి సంగతి చెబుతాం. పేర్లు అనవసరం. 2007లో కరాచీ నుంచి మేనకోడలిని చేసుకున్నారు. అమ్మాయి సంఝౌతా రైలెక్కి సరిహద్దు దాటి వచ్చింది. విజిటర్ వీసాపై వచ్చాక దీర్ఘకాలిక వీసాకు దరఖాస్తు పెట్టారు, వచ్చింది. మామగారు ఉన్నన్నాళ్లు పొడిగింపు తేదీని గోడమీది క్యాలెండర్‌లో ఎర్ర సిరాతో చుట్టి ఉంచేవారు. ఆయన పోయారు. భర్త రియాద్‌లో ఉద్యోగానికి వెళ్లాడు. పాస్‌పోర్టు అత్తగారి ఇనుప బీరువాలో, తాళం ఆమె కొంగున. "గడువు అయిపోతోంది అమ్మీ" అని కోడలు రెండు మూడుసార్లు అడిగిందట. "రంజాన్‌కు వాడొస్తాడుగా, చూసుకుంటాడు" అన్నారట. వాడు వచ్చేసరికి గడువు దాటి పద్నాలుగు నెలలైంది. ఆ పద్నాలుగు నెలల్లోనే రెండో కొడుకు పుట్టాడు.

ఇది చిన్న పొరపాటుగా కనిపించవచ్చు. ఆలస్యానికి జరిమానా కడితే సరిపోతుంది కదా అని ఆ భర్తే మాతో అన్నాడు. చట్టం అలా చూడదు. భారత పౌరుణ్ణి పెళ్లాడిన విదేశీయులు 1955 నాటి పౌరసత్వ చట్టం ఐదో సెక్షన్ కింద పౌరసత్వం కోరవచ్చు. అందుకు ఏడేళ్ల నివాసం కావాలి. దరఖాస్తుకు ముందటి పన్నెండు నెలలు ఎడతెగకుండా ఇక్కడే ఉండాలి. దానికి ముందటి ఎనిమిదేళ్లలో కనీసం ఆరేళ్లు ఇక్కడ గడిపి ఉండాలి. అన్నిటికన్నా ముందు, దరఖాస్తుదారు 'అక్రమ వలసదారు' కాకూడదు. ఈ మాట వినగానే మనవాళ్లు దొంగచాటుగా కంచె దాటినవారిని ఊహించుకుంటారు. సక్రమంగా వీసాతో వచ్చి గడువు దాటి ఉండిపోయినవారు కూడా చట్టం లెక్కలో అక్రమ వలసదారులే. బీరువాలో నిద్రపోయిన ఒక తేదీ కోడలిని ఆ వరుసలోకి చేర్చేసింది.

పిల్లవాడి సంగతి ఇంకా గడ్డుది. 2004 డిసెంబరు 3 తర్వాత ఇక్కడ పుట్టిన బిడ్డకు పుట్టుకతో పౌరసత్వం రావాలంటే తల్లిదండ్రుల్లో ఒకరు భారత పౌరులైతే చాలదు. బిడ్డ పుట్టిన నాటికి రెండోవారు అక్రమ వలసదారు కాకుండా ఉండాలి. అంటే తల్లి వీసా తేదీ బిడ్డ తొట్టెదాకా వస్తుంది. ఈ ముక్క చెప్పినప్పుడు ఆ తండ్రి ముఖం చూడలేకపోయాం. పెద్దకొడుకుకు లేని చిక్కు చిన్నకొడుకుకు వచ్చింది, ఇద్దరూ ఒకే ఆసుపత్రిలో పుట్టినవారు!

ఆమె పౌరసత్వ దరఖాస్తు 2016లో పెడితే ఆ పద్నాలుగు నెలల దగ్గరే ఆగి వెనక్కి వచ్చింది. ఆ వివరణలు, తిరుగుళ్లు నడుస్తుండగానే కరాచీలో ఆమె తండ్రి పోయారు. వెళితే తిరిగి రావడానికి అనుమతి ముందే తీసుకోవాలి. కాగితాలు తేలని మనిషికి అది దొరకలేదు. తండ్రి జనాజా నమాజును ఆమె ఫోనులో విన్నది.

మరో సంగతి, మా తర్జుమా బల్ల మీద రోజూ కనిపించేది. పేర్లు. నిఖానామాలో తారీఖు హిజ్రీలో ఉంటుంది, ఇంగ్లీషు తేదీ ఒక మూల సన్నగా రాసి ఉంటుంది, కొన్నిట అదీ ఉండదు. ఉర్దూలో ముహమ్మద్ అని ఒక్కటే రాత. అదే ఇంగ్లీషులోకి పోయేసరికి భర్త పాస్‌పోర్టులో ఒక తీరు, ఆధార్‌లో ఒక తీరు, ఖాజీగారి సర్టిఫికెట్‌లో పొట్టిగా రెండక్షరాలు, చుక్క. అమ్మాయి పుట్టింటి కాగితంలో ఫాతిమా, నిఖానామాలో ఫాతిమా బేగం, బిడ్డ జనన ధ్రువపత్రంలో తల్లి పేరు ఫాతిమున్నిసా. మనకు అందరూ ఒకరే. కౌంటరు అవతలి గుమాస్తాకు ముగ్గురు స్త్రీలు. అతణ్ణి తిట్టుకుని లాభం లేదు, అతని ముందున్నది కాగితమే తప్ప మన కోడలు కాదు. ఆసుపత్రిలో బిడ్డ పేరు రాయించేటప్పుడు తల్లి పాస్‌పోర్టు ఎదుట పెట్టుకుని అక్షరం అక్షరం చూసి రాయిస్తే ఈ బాధ ఉండదు. ఖాజీ సాహెబులు కూడా దయచేసి పాస్‌పోర్టు చూసి రాయాలి. చెవికి వినబడింది రాసేస్తున్నారు. 2002లోనే మన రాష్ట్రంలో వివాహాల నమోదును తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. నిఖానామా ఉందిగా అని ప్రభుత్వ నమోదు వదిలేసిన ఇళ్లు ఇప్పటికీ ఎన్నో.

కాగితాల గొడవ దీన్‌కు సంబంధించింది కాదనే పెద్దమనుషులు ఉన్నారు. వారికి గుర్తు చేస్తున్నాం: ఖురాన్ మొత్తంలో అతి పొడవైన ఆయతు సూరా బఖరాలోని 282వది. అది అప్పు గురించి, దాన్ని గడువుతో సహా రాసి పెట్టుకోవడం గురించి, రాసేవాడి గురించి, సాక్షుల గురించి. పదిమంది మధ్య మహర్ ఎంతో గట్టిగా అడిగి రాయించే మనం, అమ్మాయి ఈ దేశంలో ఎంతకాలం ఉండవచ్చో రాసిన కాగితాన్ని బీరువాలో పడేస్తున్నాం. పాస్‌పోర్టు ఆమెది. ఆమె దగ్గరే ఉండాలి. అలిగి పుట్టింటికి పోతుందేమోనని దాచిపెట్టే ఇళ్లు మాకు తెలుసు. అలాంటి ఇళ్లలో ఆమె గడువు తేదీ ఆమెకే తెలియదు.

తప్పంతా మనదేనని మేము అనడం లేదు. మరో దేశపు అమ్మాయి భారతీయుణ్ణి పెళ్లాడి, ఆ పెళ్లి నమోదై రెండేళ్లు నిలిస్తే ఓసీఐ కార్డుకు దరఖాస్తు చేసుకోవచ్చు. కరాచీ అమ్మాయికి ఆ దారి లేదు. తాను గానీ, తల్లిదండ్రులు, తాతలు, ముత్తాతలు గానీ ఎప్పుడైనా పాకిస్తాన్ లేదా బంగ్లాదేశ్ పౌరులై ఉంటే ఆ కార్డు ఇవ్వరు. ఆమెకు మిగిలింది దీర్ఘకాలిక వీసా, ఆపైన పౌరసత్వం. ఒకే దారి ఉన్న మనిషికి ఆ దారిలో ఏ మలుపు దగ్గర ఆగిందో చెప్పాలి కదా? ఫైలు కలెక్టరు కార్యాలయం నుంచి రాష్ట్రానికి, అక్కడి నుంచి కేంద్ర హోంశాఖకు పోతుంది. లోపం ఉంటే ఫలానా కాగితం తక్కువైందని రాతపూర్వకంగా చెప్పాలి. "మళ్లీ రండి" అన్న నోటిమాటకు తారీఖు ఉండదు, సంతకం ఉండదు. దేశ భద్రత కోసం విచారణ చేయవద్దని ఎవరూ అనరు. పదేళ్లు విచారించినా తేలనిది పదకొండో ఏట ఎలా తేలుతుందన్నదే మా ప్రశ్న.

2025 ఏప్రిల్‌లో పహల్‌గామ్ దాడి తర్వాత పాకిస్తానీయుల వీసాలను రద్దు చేసినప్పుడు ఈ తేదీల విలువ అందరికీ తెలిసివచ్చింది. దీర్ఘకాలిక వీసాలకు ఆ రద్దు వర్తించలేదు. మామూలు విజిటర్ వీసాపై ఉన్నవారు మాత్రం కొద్ది రోజుల్లో దేశం విడిచిపోవలసి వచ్చింది. అట్టారీ దగ్గర తల్లులొక వైపు, పిల్లలొక వైపు నిలబడిన దృశ్యాలు మనం టీవీలో చూశాం. ఆ వారం మా దగ్గరికి వచ్చిన సంచులు ఏడాది మొత్తంలో వచ్చినన్ని. సంఝౌతా రైలు 2019 ఆగస్టులోనే ఆగిపోయింది. ఇక కొత్త సంబంధాల మాట కాదు, ఇప్పటికే మన ఇళ్లలో ఉన్న కోడళ్ల మాట ఇది.

మొన్నటి జుమా నాడు ఒక కుర్రాడు వచ్చాడు. తల్లిది కరాచీ, తండ్రి చనిపోయాడు. వాడి చేతిలో తల్లి నిఖానామా ఉంది. తర్జుమా తర్వాత చేద్దాం, ముందు అమ్మీ వీసా గడువు ఎప్పటిదాకా ఉందో చెప్పమన్నాం. తెలియదన్నాడు. ఇంటికి వెళ్లి చూసి రమ్మని పంపించి, వాడు తిరిగి వచ్చేదాకా మసీదు అరుగు మీదే కూర్చున్నాం.