మాట దొరికితే నేరం దొరికినట్టేనా?

శ్రీకాకుళం కథానిలయంలోని కథలన్నీ ఒక హార్డ్ డిస్కులోకి ఎక్కించి, ‘తుపాకి’, ‘దళం’, ‘పోరాటం’ అని వెతికించండి. ఎన్నిచోట్ల తగులుతాయో! అంతమాత్రాన కారా మాస్టారు 1997లో పెట్టిన ఆ కథల ఇల్లు కుట్ర కేంద్రమైపోతుందా? 1970 జులైలో నేలకొరిగిన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం పేర్లు ఎచ్చెర్లలో చరిత్ర చదివే పిల్లాడి ల్యాప్‌టాప్‌లో ఉంటే ఆశ్చర్యమేముంది? లేకపోతే ఆశ్చర్యపడాలి గానీ.

నవ్వుకుని వదిలేసే సంగతి కాదిది. భీమా కోరేగావ్ కేసులో 2018 ఏప్రిల్‌లో పుణె పోలీసులు రోనా విల్సన్ ల్యాప్‌టాప్ పట్టుకుపోయారు. అందులో దొరికాయన్న ఉత్తరాలు ఆధారంగా చూపి మన వరవరరావుతో సహా ఎందరినో జైల్లో పెట్టారు. డిస్కు నకలు నిందితుల లాయర్ల చేతికొచ్చాక, అమెరికాలోని ఆర్సెనల్ కన్సల్టింగ్ దాన్ని పరీక్షించింది. ఆ ఉత్తరాలను దొంగ సాఫ్ట్‌వేర్ ద్వారా బయటివాళ్లు చొప్పించారనీ, విల్సన్ వాటిని తెరిచిన జాడే లేదనీ 2021లో తేల్చి చెప్పింది. ఎన్ఐఏ ఒప్పుకోలేదు, అది వేరే సంగతి. మాట వెతికితే అది ఉందని మాత్రమే తెలుస్తుంది. ఎవరు పెట్టారు, ఎప్పుడు తెరిచారు అన్నది వేరే పరీక్ష.

ఆ పరీక్ష సర్కారు సొత్తేమీ కాదు. ఆటాప్సీ అనే సాఫ్ట్‌వేర్ పైసా ఖర్చులేకుండా దొరుకుతుంది. అసలు డిస్కును ముట్టుకోకుండా, దాని అచ్చమైన నకలు తీసి ఇస్తే, చెరిపేసిన ఫైళ్లలోనూ, ఖాళీ అనుకున్న జాగాలోనూ మనం చెప్పిన మాట కోసం గాలిస్తుంది. ఫైళ్ల తేదీల్ని వరసగా పేర్చి చూపుతుంది.

అయితే తెలుగు దగ్గర దీనికి కాళ్లు తడబడతాయి. మా పాత సంచికలు పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో కట్టినవి. తెర మీద తెలుగే, యంత్రానికి మాత్రం ఇంగ్లీషు అక్షరాలూ గుర్తుల గుంపు. యూనికోడ్‌లో ‘కళింగాంధ్ర’ అని వెతికితే మా పదేళ్ల రాతల్లో ఒక్కటీ తగలదు! ఆ మాటను అను కోడ్‌లోకి మార్చి వెతకాలి. ‘ఉద్యమం’ అని అడిగితే ‘ఉద్యమాన్ని’, ‘ఉద్యమానికి’ జారిపోతాయి, ‘ఉద్యమ’ అని అడగాలి. స్కాను చేసిన కరపత్రం బొమ్మే గనక అలా వెతికితే అసలు అందదు. ‘వెతికాం, ఏమీ లేదు’ అని ఏ ల్యాబు రాసినా, ఏ అక్షరాల్లో వెతికారని మన లాయరు అడగాల్సిందే.

ఉమ్మడి రాష్ట్రపు పెద్ద ఫోరెన్సిక్ ల్యాబు హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో ఉండేది. 2014లో అది తెలంగాణకు పోయింది. మనకు ఎప్పుడూ మిగిలేది ఇదే! ఎచ్చెర్ల వర్సిటీలోనూ, విజయనగరం జేఎన్‌టీయూలోనూ ఈ విద్య నేర్పమని అడుగుతున్నాం. నిందితుడి తరఫున నిలబడే నిపుణులు మన జిల్లాల్లోనే తయారవ్వాలి.

ఈలోగా విద్యార్థులకూ ఉద్యోగులకూ ఒక మాట. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టాల ప్రకారం సోదాను వీడియో తీయాలి. సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఇచ్చే సర్టిఫికెట్‌లో హాష్ విలువ రాయాలి. అది డిస్కుకు వేలిముద్ర లాంటిది, లోపల ఒక్క అక్షరం మారినా మారిపోతుంది. మీ కంప్యూటరు పట్టుకుపోతుంటే ఆ అంకెను పంచనామాలో రాయమని అక్కడికక్కడే అడగండి. రాయకపోతే, రాయలేదన్న సంగతి మీరు కాగితం మీద పెట్టండి.