శిష్యుడైన గురువు

భావనపాడు తీరాన వల లాగేవారి బిడ్డ బడిలో నోరు తెరచి తన ఇంటి మాట పలికినప్పుడు, ఉపాధ్యాయుడు దానిని దిద్దవలసిన తప్పుగా ఎంచవలెనా, తెలిసికొనదగిన విద్యగా ఎంచవలెనా? నేటి శ్రీకాకుళం జిల్లాలోనే పుట్టిన ఒక బడిపంతులు జీవితం ఈ ప్రశ్నకు సమాధానం చెప్పుతున్నది.

గిడుగు వేంకట రామమూర్తిగారు 1863 ఆగస్టు 29న వంశధార ఒడ్డున పర్వతాలపేటలో జన్మించినారు. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పే రోజులలో సవరల మాట వారి చెవిన పడినది. తెలుగు తెలిసిన సవర నొకరిని ఇంట నిలుపుకొని, గురువే శిష్యుడై ఆ భాష నేర్చుకొన్నారు. సవర పిల్లలకు సొంత ఖర్చుతో బడులు పెట్టినారు. ఈ కుతూహలానికి వారు చెల్లించిన మూల్యం చిన్నది కాదు. మన్యపు జ్వరానికి వాడిన క్వినైను వారి వినికిడిని హరించినది. అయినా కృషి ఆగలేదు. 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువడినవి. కుమారుడు సీతాపతిగారు ఈ కృషిలో తోడు నిలిచినారు. తండ్రి ఆసక్తియే బిడ్డకు ఆస్తి అయినది.

వారి వాదంలో హాస్యానికీ కొదువ లేదు. గ్రాంథికవాదులకు బదులుగా వ్రాసిన గ్రంథానికి ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజము’ అని పేరు పెట్టినారు. భిషక్కు అంటే వైద్యుడు. భేషజమంటే సంస్కృతంలో మందు; తెలుగువారి నోట డాంబికం. పండితుల మందులోని డాంబికాన్ని ఆ ఒక్క మాటే బయటపెట్టినది.

1940 జనవరి 22న వారు కన్నుమూసినారు. వారి పుట్టినరోజు నేడు తెలుగు భాషా దినోత్సవం. పటానికి దండ వేయుట సులభమే. తరగతిలో వినరాని మాట వినబడినప్పుడు నవ్వక, “దాని అర్థమేమిటి నాయనా?” అని అడగగలిగిన ఉపాధ్యాయుడే వారికి నిజమైన వారసుడు.