కడలి లోతు, ఖర్చు లోతు

పూరీ తీరమున తెల్లని మొనటోపీలు ధరించి, స్నానమునకు వచ్చినవారిని చేయిపట్టి అలలు దాటించు నోలియాలను మనలో పలువురు చూచియే యుందురు. వారిలో అనేకులు మన తెలుగువారు. వారి పెద్దలు ఆంధ్రతీరము నుండి వలస వచ్చిన జాలరులు. అట్టి యింటి పిల్లవాడు పదవ తరగతి ముగించి, "నేను స్కూబా డైవింగు నేర్పు గురువు నగుదును" అని పలికినచో తండ్రి యేమని బదులు చెప్పవలెను? "మనకు ఈత యొకరు నేర్పవలెనా!" అని నవ్వుట తగదు. ఉన్న పడవ నమ్మి రుసుము చెల్లించుటయు తగదు. లెక్క చూచుకొని మెట్టు మెట్టుగా ఎక్కుటయే మేలని నా యభిప్రాయము.

ఈత వచ్చినవానికి సైతము ఈ విద్య క్రొత్తదే. వీపున కట్టుకొను సిలిండరులో నుండునది సామాన్యముగా మనము పీల్చు గాలియే. దానిని ఒత్తిడితో అణచి నింపుదురు. 10 మీటర్ల లోతున ఒత్తిడి నీటిపైన నున్నదానికి రెట్టింపగును. 30 మీటర్ల లోతున నాలుగింతలగును. లోతున పీల్చిన గాలిని బిగబట్టి పైకి వచ్చినచో ఆ గాలి ఉబ్బి ఊపిరితిత్తులను చీల్చగలదు. మన పిల్లలు చిన్ననాట నేర్చినది ఊపిరి బిగబట్టుట. ఈ విద్యలో మొదటి నియమము ఊపిరి బిగబట్టరాదనుట! కావున తెలిసినదే గదా యను ధీమాతో నీటిలో దిగరాదు.

ఇక మెట్ల సంగతి. 1966లో అమెరికాలో ఆరంభమైన పాడి యను సంస్థ పద్ధతిని ఉదాహరణగా గైకొందము. మొదటిది ఓపెన్ వాటర్. దీనితో 18 మీటర్ల వరకు దిగవచ్చును. రెండవది అడ్వాన్స్‌డ్; 30 మీటర్ల వరకు. పిమ్మట ప్రథమ చికిత్స, ఆపదలో నున్నవానిని రక్షించు శిక్షణ. ఆపైన డైవ్ మాస్టర్. దీనికి 18 ఏండ్లు నిండి యుండవలెను, ముగియునాటికి 60 సార్లు మునిగి యుండవలెను. చివరిది గురుపదవి. దీని పరీక్షకు 100 మునకలు పుస్తకమున నమోదై యుండవలయును. వైద్యుని యోగ్యతాపత్రమును కావలెను. నేర్పినవారే పరీక్షింపరు; వేరొక పరీక్షకుడు వచ్చును.

మొదటి మెట్టునకే మన దేశమున సుమారు 30 వేల రూపాయలగును. తక్కిన ప్రతి మెట్టునకు రుసుము వేరు. చివరి మెట్టున శిక్షణ రుసుము, పుస్తకముల వెల, పరీక్ష రుసుము, నమోదు రుసుము విడివిడిగా చెల్లింపవలెను. సొంత పరికరములు, బస, భోజనము వీటికి తోడగును. గురువైన పిదపకూడ ఏటేట సభ్యత్వపు రుసుము తప్పదు. మొత్తము లక్షలలోనికి పోవును. ప్రకటనలో పెద్ద యక్షరముల ధర యొకటి, తుదకు చేతినుండి పోవునది వేరొకటి. అందుచే తల్లిదండ్రులు ముందుగానే ప్రతి పద్దును వ్రాతమూలకముగా అడిగి తెలిసికొనవలెను.

సంపాదన మాటయు తలచవలెను. వానకాలమున పడమటి తీరపు తార్కర్లీలో గాని, మురుడేశ్వరమునకు ఎదురుగా నున్న నేత్రాణి ద్వీపమున గాని ఈ పని సాగదు. నెలల తరబడి ఆదాయము లేని వృత్తిని నమ్మి వడ్డీకి అప్పు తెచ్చుట ఇల్లు ముంచుకొనుటయే. కనుక ఆరంభమునుండి గురుపదవి వరకు ఒక్కసారిగా డబ్బు కట్టించుకొను ఏర్పాటులకు లోబడవలదు. డైవ్ మాస్టరు కాగానే, యోగ్యతగల మునకరులను వెంట గొనిపోవు పని దొరకును. అచట నిలిచి, సంపాదించి, ఆ సంపాదనతో చివరి మెట్టు ఎక్కవచ్చును. ఆలస్యమైనను అది అవమానము కాదు.

మన దేశమున ఈ శిక్షణ ఎక్కువగా ఆంగ్లమున జరుగుచున్నది. తెలుగు మాధ్యమపు పిల్లవాడు దీనికి జంకరాదు. బడిలోని ఆంగ్లపాఠమును శ్రద్ధతో చదివిన చాలును. తెలుగు, ఒడియా, హిందీ మూడును మాటాడగల బాలుడు, భయపడు యాత్రికునికి వాని భాషలోనే ధైర్యము చెప్పగలడు. ఇది మన కున్న మూలధనము.

కడలి నెరిగిన యింటి పిల్లలు పడవపై సిలిండరులు మోయు కూలీలుగనే మిగిలిపోవుట న్యాయమా? కులసంఘములు, యువజన సంఘములు, ప్రభుత్వపు మత్స్యశాఖ పూనుకొని, ఏటేట ఒకరిద్దరికైనను మొదటి మెట్టు రుసుమును విద్యార్థి వేతనముగా ఈయవలెను. తక్కిన మెట్లు వారే ఎక్కగలరు. అలలు దాటించిన చేతులు లోతులను సైతము చూపగలవు.