తాళం చెవి ఎవరి దగ్గర ఉంది?



మా సంఘపు యౌవనస్థుడొకడు విశాఖపట్నంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. మొన్న సెలవులకు వచ్చి, "మా ఆఫీసులో పనంతా అజైల్ పద్ధతండి అయ్యగారూ" అన్నాడు. అదేమిటని అడిగాను. 2001లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు కూడుకొని రాసుకున్న నియమాల నుండి ఆ పేరు వచ్చిందట. ఏడాది ముందు వేసుకున్న ప్రణాళికనే పట్టుకొని కూర్చోరు. రెండేసి వారాలకు సరిపడా పని పెట్టుకొని, రోజూ ఓ పావుగంట కలుసుకొని, పరిస్థితి మారితే పని తీరూ మార్చుకుంటారు.

"మరి మీ పెద్ద ఏం చేస్తాడు?" అన్నాను.

"మాకు అడ్డొచ్చేవి తీసేస్తాడండి. పని ఎలా చేయాలో మేమే తేల్చుకుంటాం."

ఆ జవాబు వినగానే నాకు తిత్లీ తుపాను నాటి నా తప్పు గుర్తొచ్చింది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున అది పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు. తర్వాత దయగలవారు పంపిన బియ్యం మా మందిరానికి చేరాయి. "నేను జాబితా రాసేవరకు ఎవరూ పంచొద్దు" అని చెప్పి, గదికి తాళం వేసి, పక్క ఊరి విశ్వాసులను చూడడానికి వెళ్లాను. దారిలో చెట్లు పడి ఉండడంతో ఆ రాత్రి తిరిగి రాలేకపోయాను. మర్నాడు వచ్చేసరికి ఆడవాళ్లు మందిరం అరుగు మీద కూర్చొని ఉన్నారు. ఒక ముసలమ్మ, "బియ్యం ఉన్నాయి బాబూ, తాళమే మీకాడ ఉండిపోనాది" అంది. ఆ మాటలో కోపం లేదు. అందుకే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

ఏ ఇంట పొయ్యి వెలగలేదో, ఎవరింట చంటిపిల్లలున్నారో ఆ ఆడవాళ్లకు తెలుసు. నాకు తెలియదు. నా జాబితాలో వీధి చివరి విధవరాలి పేరే లేదు.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం చూడండి. యెరూషలేము సంఘంలో అనుదిన పరిచర్యలో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు వాటా అందడం లేదని సణుగు పుట్టింది. అపొస్తలులు సణిగినవారిని గద్దించలేదు. పంపకం మేమే చేస్తామనీ పట్టుబట్టలేదు. మంచి పేరు, జ్ఞానము, ఆత్మ నింపుదల గల ఏడుగురిని సంఘమే ఏర్పరచుకోవాలన్నారు. ప్రార్థించి, చేతులుంచి పని అప్పగించారు. ఆ ఏడుగురివీ గ్రీకు పేర్లే. బాధ తెలిసినవారి చేతికే గరిటె ఇచ్చారని నేననుకుంటాను.

అందరికీ అధికారమిస్తే క్రమం తప్పుతుందని కొందరు తోటి సేవకులు అంటారు. అప్పగించడమంటే వదిలేయడం కాదు. యోగ్యులను చూడాలి, లెక్క అడగాలి. తప్పు జరిగితే సంఘం ముందు నాయకుడే నిలబడాలి.

ఇప్పుడు మా మందిరం తాళం చెవి ఇద్దరు సహోదరీల దగ్గర ఉంటుంది. ఒకసారి పంపకంలో వారూ పొరపడ్డారు. ఆదివారం ఆరాధన అయ్యాక అందరం కూర్చొని సరిదిద్దుకున్నాం. నేను తాళం వేసుకున్న రోజు కంటే ఆ పొరపాటు వల్ల జరిగిన నష్టం చిన్నది.

ప్రియులారా, సంఘంలోనైనా, ఇంట్లోనైనా, ఉద్యోగంలోనైనా, ఈ వారం ఒక్కసారి జేబు తడుముకుందాం. మనమే పట్టుకొని ఉన్న తాళం చెవి వల్ల ఎవరైనా అరుగు మీద కూర్చొని ఎదురుచూస్తున్నారేమో. దాన్ని ఇచ్చివేసే మనసు ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.